జానెడు జాలికి ఎంత వేడి

గోదావరిఖనిలో మనిషి ఒక్కసారే రిటైరు కాడు. మొదట కాగితం మీద అవుతాడు. అది కంపెనీ చూసుకుంటుంది. తర్వాత బొగ్గుబాయి మీద, మెడలో దండతో, భుజాన శాలువాతో అవుతాడు. అది తోటి కార్మికులు చూసుకుంటారు. చివరికి మామిడితోటలో దావత్ ఇచ్చి అవుతాడు. అది తనే చూసుకోవాలి. దావత్ ఇవ్వనివాడు పింఛను తీసుకుంటున్నా సరే, ఊరి దృష్టిలో ఇంకా డ్యూటీలో ఉన్నట్టే లెక్క.

మొదటి రెండింటి గురించి పోశం పెద్దగా ఆలోచించలేదు. మూడోదాని మీద మాత్రం చాలా ఏళ్ళుగా ఒక కోరిక పెట్టుకున్నాడు. తన దావత్‌లో తను కుర్సీలో కూర్చోవాలి. కాల్చిన కోడిముక్కను వేరే ఎవరో వేడివేడిగా తెచ్చి తన పళ్ళెంలో వెయ్యాలి. అంతే. ఈ సంగతి భార్య అనసూర్యకు ఒకసారి చెబితే ఆమె చేస్తున్న పని ఆపి, "గింతేనా?" అంది. ఆయన "గింతే" అన్నాడు. మళ్ళీ ఆ ఊసు ఇంట్లో ఎత్తలేదు.

ఇంత చిన్న కోరికకు అన్నేళ్ళు ఎందుకు పట్టిందో తెలియాలంటే పోశం నిలబడ్డ చరిత్ర కొంత తెలియాలి. బాయిలో ఆయన పని భూమి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. ఆయన నిలబెట్టినవన్నీ నిలబడ్డాయి, వాటితోపాటు ఆయనా నిలబడ్డాడు. బాయిలో కూర్చునే కొలువులు లేక కాదు. పంపు దగ్గర కూర్చోవచ్చు, తాడు లాగే యంత్రం దగ్గర కూర్చోవచ్చు, కాస్త పలుకుబడి ఉంటే ఏ ఆఫీసులోనో పడుకోవచ్చు కూడా. పోశానికి దొరికింది నిలువుకాళ్ళ కొలువు.

పైకి వచ్చాకయినా కూర్చున్నాడా అంటే, అదీ లేదు. ఎప్పుడో ఎవరిదో రిటైర్‌మెంట్ దావత్‌లో, కోడి కాల్చడానికి కుదిరిన వంటాయన కాలుస్తూ కాలుస్తూ కల్లు వాసన పట్టుకుని తాటిచెట్ల వైపు వెళ్ళి తిరిగి రాలేదు. అక్కడే ఉన్న తోటి కార్మికుడు సదయ్య, వంటాయన వదిలేసిన పట్టకారు తీసి, పక్కన ఊరికే నిలబడి ఉన్న పోశం చేతిలో పెట్టి, "బావా, ఒక్క ఐదు నిమిషాలు చూడు, ఇప్పుడే వస్త" అన్నాడు.

ఆ పట్టకారు కోసం సదయ్య ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఆ రోజు ముక్కలు బాగా కాలాయి. పోశం జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదే. అప్పటినుంచి ఆ బాయిలో ఎవరు రిటైరైనా అన్నం, మటన్ వండటానికి మనిషిని మాట్లాడుకునేవారు. కోడి కాల్చడానికి ఎవరినీ మాట్లాడేవారు కాదు. పోశం ఉన్నాడు కదా. ఇటుకలు పేర్చి, పైన ఇనుప జాలి పరిచి, కింద కట్టెబొగ్గు పోసి, ఎండాకాలమైనా వానాకాలమైనా ఆయన నిలబడేవాడు. రాష్ట్రానికంతా బొగ్గు పంపే ఊళ్ళో కట్టెబొగ్గు కొనుక్కోవడమేమిటని కొత్తవాళ్ళు అడుగుతారు. బాయి బొగ్గు మీద కాల్చిన కోడిలో కోడి రుచి పోయి బాయి రుచి దిగుతుంది. ఆ రుచి షిఫ్టులో చాలినంత చూశారు కనుక దావత్‌లో ఎవరూ అడగరు.

అందరూ తిన్నాక పోశానికి మిగిలేది మెడముక్క. అదీ చల్లారి, జాలి గీతలతో, చెప్పు అట్టలా ఉండేది. ఆయన దాన్ని నిలబడే తినేవాడు, ఎందుకంటే అప్పటికి కుర్సీలు ఒకదానిలో ఒకటి వేసి ఆటో ఎక్కించేసేవారు.

ఈ సంవత్సరం మే నెల ఆఖరున పోశం దిగిపోతున్నాడు. రామగుండం వైపు మే నెల ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో కూడా పని కట్టుకుని, మిట్టమధ్యాహ్నం, సదయ్య, శాంతిరాజ్ పోశం క్వార్టర్‌కు వచ్చారు. శాంతిరాజ్ బాయి ఆఫీసులో క్లర్కు, చర్చిలో కోశాధికారి, రెండు చోట్లా నమ్మదగినవాడు. సదయ్య రెండు చోట్లా లేడు కానీ, చందా ఎవరి దావత్‌కు వసూలైనా ముందు నడిచేవాడు ఆయనే.

ఇక్కడొక సంప్రదాయం ఉంది. రిటైరయ్యేవాడికి తోటివాళ్ళు కలిసి ఒక వస్తువు ఇస్తారు: ఫ్రిజ్జో, కూలరో, బీరువానో. ఇచ్చే ముందు ఆ మనిషినే, వేరే ఎవరి కోసమో అన్నట్టు, సలహా అడుగుతారు. ఆ మనిషికి అర్థమవుతుంది. అర్థం కానట్టు ఉండటం ఆయన బాధ్యత. ఈ నాటకంలో ఇంతవరకూ ఎవరూ మాట తప్పలేదు.

మందమర్రిలో తన దోస్తు ఒకడున్నాడని, వాడికి గ్యాసు మీద కోడి కాల్చే పొయ్యి కావాలని, దానికి గ్రిల్ అని పేరని, అందులో ఏది మంచిదో పోశం బావ తప్ప ఎవరు చెప్తారని సదయ్య మొదలుపెట్టాడు. పొగ లేదు, బూడిద లేదు, కట్టెబొగ్గు ఫికర్ లేదు అన్నాడు. పోశం విన్నాడు. వింటూ వింటూ ఉండగానే ఆయన మోకాళ్ళలో సన్నగా నొప్పి మొదలైంది. మందమర్రిలో సదయ్యకు దోస్తు లేడు. ఆ గ్రిల్ ఎవరికి వస్తుందో తెలిసిపోయింది. ఎవరికి వస్తే వాళ్ళు మిగిలిన జన్మంతా దాని పక్కన నిలబడాలనీ తెలిసిపోయింది. కంపెనీ వదిలినా కోడి వదలదన్నమాట.

ముగ్గురూ కలిసి లక్ష్మీనగర్‌లో హోటల్ సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళారు. అక్కడ రెండు గ్రిల్‌లు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి మంచమంత ఉంది. కింద వరసగా మంటలు, పైన మూత, చక్రాలు. ఇంకోటి సూట్‌కేసంత, ఎక్కడ పెడితే అక్కడ ఉంటానన్నట్టు ఉంది. పెద్దదాన్ని చూడగానే సదయ్య ముఖం వెలిగింది. ఒక్కసారి అరవై ముక్కలు పరవచ్చని దుకాణదారు చెప్పాడు. అరవై ముక్కలు ఒక్కసారి పరిస్తే అరవైసార్లు తిప్పాలని పోశం లోపల అనుకున్నాడు.

ఇక్కడ పోశం స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. ఆయన అబద్ధం ఆడడు. దుంగ గట్టిగా ఉందా అంటే ఉంటే ఉందని, లేకపోతే లేదని చెప్పి బతికిన మనిషి. పెద్దది చెడ్డదని అనలేడు. కానీ చిన్నది మంచిదని అనడానికి నిజమైన కారణం ఏదైనా దొరుకుతుందేమోనని రెండింటి చుట్టూ తిరిగాడు. పెద్దదాని మీద అరచెయ్యి ఆనించి, చిన్నదాని మీద ఆనించి, వంగి మంట వచ్చే రంధ్రాలు చూసి, చివరకు దేని వేడి ఎంతని అడిగాడు.

పెద్దదాని వేడి అరవై వేలు, చిన్నదానిది ఇరవై వేలు అని పెట్టెల మీద చూసి దుకాణదారు చెప్పాడు. వేల పక్కన ఏదో ఇంగ్లీషు కొలత ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు. సదయ్య ఇంక మాటెందుకు అన్నట్టు జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆగు బావా. గా వేడి మొత్తం ఎంత జాలికి?" అన్నాడు పోశం.

పెద్దదాని జాలి ఎనిమిది వందల చదరపు అంగుళాలు, చిన్నదానిది రెండు వందలు. శాంతిరాజ్‌కు భాగహారమంటే ఇష్టం. ఫోను తీసి చేశాడు. ఒక అంగుళానికి పెద్దదానిలో డెబ్బై అయిదు, చిన్నదానిలో నూరు. ఇంకోసారి చేసినా అంతే వచ్చింది.

పోశం గొంతు సవరించుకున్నాడు. పెద్దదానిలో వేడి ఎక్కువే, కానీ జాలి అంతకన్నా ఎక్కువ. పది ఎకరాలకు ఒక్క బోరు వేసినట్టు, తడి చివరిదాకా పారదు. చిన్నదానిలో జానెడు జాలి పెట్టుకున్నా దానికి కావలసినంత వేడి ఉంది. ముక్క జల్ది కాలుతుంది. కనుక మందమర్రి దోస్తుకు చిన్నదే సరైనదని తీర్పు ఇచ్చాడు. ప్రతి మాటా నిజమే. ఆ సూట్‌కేసు తనకూ అనసూర్యకూ చాలు, దావత్‌కు కాల్చమని ఎవరొచ్చి అడిగినా చోటు లేదు పొమ్మనవచ్చన్న సంగతి మాత్రం బయటికి రాలేదు.

సదయ్య చాలాసేపు పెద్దదాన్నే చూశాడు. "మంచిదే కావచ్చు బావా. కని స్టేజీ మీద ఇస్తే కనపడది గద."

"మందమర్రిల నీ దోస్తింట్ల స్టేజీ గూడ ఉన్నదా?"

శాంతిరాజ్ దగ్గాడు. సదయ్య ఫ్యాన్‌ల వైపు తిరిగి వాటి ధర అడిగాడు. సంప్రదాయానికి చిన్న పగులు వచ్చింది గాని కూలలేదు.

నెలాఖరు వచ్చింది. బాయి మీద దండ వేశారు, శాలువా కప్పారు. ఆ ఎండలో శాలువా కప్పించుకోవడం కూడా ఒక షిఫ్టు లాంటిదే. పోశం దాన్నీ నిలబడే పూర్తి చేశాడు. మాట్లాడినవాళ్ళంతా ఆయన దుంగల గురించి ఒక్క ముక్కా, కాల్చిన కోడి గురించి పది ముక్కలూ చెప్పారు. తర్వాత అందరూ గోదావరి ఒడ్డు వైపు మామిడితోటకు చేరారు. షామియానా కింద కుర్సీలు వేసి ఉన్నాయి. పోశం ముందుగానే ఒకటి చూసి పెట్టుకున్నాడు: చెట్టు మొదట్లో, చేతులున్నది, నాలుగు కాళ్ళూ సమానంగా ఉన్నది. ఇంకా దానిలో కూర్చోలేదు. దాని మీద తువ్వాల మాత్రం వేశాడు.

ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో నాలుగు పెట్టెలు ఉన్నాయి. నాలుగూ సూట్‌కేసంత.

"చిన్నదే మంచిదన్నవు గద బావా," అన్నాడు సదయ్య, మనిషి మేలు చేసినప్పుడు వచ్చే వెలుగు ముఖంలో పెట్టుకుని. "పెద్దదానికి తీసిన చందాల నాలుగొచ్చినయి."

చప్పట్లు కొట్టారు. పోశం నమస్కారం పెట్టాడు. మనసులో శాంతిరాజ్‌ లాగానే లెక్క చేశాడు. నాలుగు కలిపితే జాలి ఆ మంచమంత దానితో సమానం. వేడి ఎనభై వేలు. తన తెలివితో తను సాధించింది ఇరవై వేల వేడి ఎక్కువ. పైగా పెద్దదైతే ఒక చోట నిలబడితే సరిపోయేది, ఇవి నాలుగు చోట్లు.

అప్పటికే జనం పళ్ళేలు పట్టుకుని ఆయన వైపే చూస్తున్నారు. ఎవరూ అడగలేదు, అడగవలసిన అవసరం ఎన్నడూ లేదు. పోశం కుర్సీ మీది తువ్వాల తీసి తలకు చుట్టుకున్నాడు. అవతల ఆడవాళ్ళ మధ్య కూర్చున్న అనసూర్య ఆ తువ్వాలను చూసింది.

గ్రిల్‌లు బల్లల మీద పెట్టారు. గ్యాసు మాత్రం కొనే వస్తువుతో రాదు కనుక, సిలిండర్లు ఇళ్ళనుంచి తెప్పించారు. సదయ్యది ఒకటి, శాంతిరాజ్‌ది ఒకటి, రఘుపతి అని ఇంకో పనివాడిది ఒకటి. నాలుగోదానికి సదయ్య ముందు రోజే అనసూర్యను అడిగాడట. ఇంట్లో గ్యాసు అయిపోవచ్చిందని, ఇస్తే పొద్దున చాయకు కూడా ఉండదని ఆమె చెప్పిందట. ఆ మాట సదయ్య చెబుతుంటే పోశం భార్య వైపు చూశాడు. ఆ వారంలోనే ఇంట్లో కొత్త సిలిండర్ బిగించింది పోశమే. అనసూర్య పక్కామెతో ఏదో మాట్లాడుతూ ఇటు తిరగలేదు.

నాలుగో గ్రిల్ పెట్టెలోనే ఉండిపోయింది.

పోశం మొదటిది వెలిగించి మంట పూర్తిగా తిప్పాడు, ముక్కలు పరిచాడు, రెండోదాని దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మొదటిదాని మంట దీపమంత అయింది. మళ్ళీ పెంచాడు. రెండోదాన్ని చూసి వచ్చేసరికి మళ్ళీ తగ్గింది. మూడోసారి మంట తగ్గిస్తున్న సదయ్య చెయ్యి దొరికింది.

"ఏంది బావా, ముక్క కాలొద్దా?"

"కాలాలె. కని సిలిండర్ మొన్ననే తెచ్చిన. ఖాళీది తీస్కపోతే మీ చెల్లె ఇంట్లకు రానియ్యది. ఇక్కణ్ణుంచి కదలొద్దని చెప్పి పంపింది."

అవతల రఘుపతి తన సిలిండర్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు, పొలంలో ఎద్దు పక్కన నిలబడ్డట్టు. శాంతిరాజ్ తన మంట ముందు కళ్ళు మూసుకుని ఉన్నాడు. అది భోజనానికి ముందు ప్రార్థనో, గ్యాసు కోసమో తెలియలేదు. పెట్టెల మీద వేలకు వేలు వేడి రాసి ఉండొచ్చు. అసలు వేడి ఎంతన్నది సిలిండర్ ఎవరిదన్నదాని మీద ఉంది. దుకాణంలో ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.

పోశం చేతిలోని పట్టకారు వంక చూశాడు. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరికి తిరిగి ఇవ్వాలో ఆయనకు తోచలేదు. ఇప్పుడు ఎదురుగానే ఉన్నాడు.

"కదలొద్దన్నది గద చెల్లె. సిలిండర్ నీది, మంట నీ చేతిల్నే ఉన్నది. ఇగో, ఇది గూడ పట్టు," అన్నాడు.

సదయ్య పట్టుకున్నాడు. చేతిలో ఏదైనా పెడితే పట్టుకోవడం మనిషి గుణం. పోశానికి ఆ సంగతి బాగా తెలుసు. మిగతా ఇద్దరికీ చెప్పవలసిన పని పడలేదు. వాళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు, నిలబడ్డవాళ్ళ చేతికి పట్టకారు ఎట్లాగో వస్తుంది.

పోశం వెళ్ళి కుర్సీలో కూర్చున్నాడు. ఒక్కసారిగా కూర్చోలేదు, అలవాటు లేనివాడిలా, మొదట అంచున, తర్వాత కొంచెం లోపలికి, చివరికి వీపు ఆనించి. మోకాళ్ళు నమ్మలేదు. నాలుగో గ్రిల్ పెట్టెను ఎవరో తెచ్చి ఆయన ముందు పెట్టారు, పళ్ళేనికి బల్లలా సరిపోయింది. అనసూర్య లేచి వచ్చి దాని మీద నీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళింది.

ముక్క వచ్చింది. ఒక వైపు బొగ్గు, ఇంకో వైపు పచ్చిది. మసాలా ఒక మూలే ఉంది. ఉప్పు ఉందో లేదో ఆలోచించేలోపే నాలుక కాలింది. వేడి ముక్క నాలుకను కాలుస్తుందన్న సంగతి పోశం ఎప్పుడో మరిచిపోయాడు. ఊదుకుంటూ తిన్నాడు.

ఎండలో మంట ముందు సదయ్య చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆయన పొగ లేని పొయ్యి ముందు కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు. కాసేపటికి మెడ తిప్పి, చెట్టు వైపు చూసి, "బావా, ఒక్క ఐదు నిమిషాలు చూడవా? ఇప్పుడే వస్త," అన్నాడు.

పోశం నోట్లో ముక్క ఉంది. చెయ్యి ఎత్తి, తినడం కానియ్యమన్నట్టు చూపించాడు. సరిగ్గా కాలని ముక్క నమలడానికి చాలా సేపు పడుతుంది. ఆయన తొందరపడలేదు.