బాపు పానం దేనిమీద ఉంది

మా బాపు నోరు తెరిచి అడిగింది ఒక్కటే. అదే ఆయన ఆఖరి కోరికల లెక్కలోకి రాలేదు. ఆ కోపం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

బాపు మరమగ్గాల కార్మికుడు. మా దగ్గర వాటిని సాంచాలంటారు. ఆ మోతలో బతికిన మనిషి కాబట్టి ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. అన్నవాహికలో క్యాన్సర్ వచ్చాక ఆ గొంతు గుసగుసకు దిగింది. కరీంనగర్ డాక్టరు ఇక చేసేదేం లేదని ఇంటికి పంపాడు. మింగడం పోయింది, తిండికి ముక్కులోంచి పైపు వేశారు. సేవ చెయ్యాలని కూతుర్ని నేను మెట్‌పల్లి నుంచి వచ్చేశాను.

ఒక పొద్దున ముఖం తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, ఒక్క సూది వేపియ్యి. నిద్రల్నే పోత. ఇగ నాతోని అయితలేదు."

మతి చెడి అన్న మాట కాదు. అంతకుముందే టీవీలో వార్తలు చూసి ఒక నాయకుణ్ని శుభ్రంగా తిట్టాడు కూడా.

డాక్టరును అడిగాను. మంచివాడే, తల వంచుకుని చెప్పాడు. "అమ్మా, పైపు వద్దంటే తీసెయ్యచ్చు, చట్టం ఒప్పుకుంటది. పానం తీసే సూది మాత్రం ఇయ్యరాదు. నొప్పికి మందు పెంచుత."

పైపు తీస్తే ఆకలితో, దూపతో మెల్లగా పోతాడు. అది తప్పు కాదట. నిద్రలో పోనిస్తే నేరమట. ఈ తేడా ఎవరైనా విడమరిచి చెప్పండి, వింటాను.

ఇంట్లో ఈ సంగతి చెబితే బాపు తమ్ముడు, మా చిన్నబాపు, చెవులు మూసుకున్నాడు. "గదేం మాట బిడ్డా! పానం పోసినోడే తీస్కపోవాలె. మనం అడుగుడు పాపం."

పాపమన్న ఆ మనిషే వారం తిరక్కుండా ఇంకో పని మొదలుపెట్టాడు. మా వైపు ఒక నమ్మకం ఉంది. పోయేవాళ్లు పోకుండా కొట్టుకుంటుంటే, పానం దేనిమీదనో ఉండిపోయిందంటారు. అదేమిటో కనిపెట్టి నోట్లో పెడితే సుఖంగా వెళ్లిపోతారట. చిన్నబాపు వేములవాడ తీర్థం తెచ్చాడు. బంగారం అరగదీసిన నీళ్లు తెచ్చాడు. సాంచాల షెడ్డులోని మట్టి నీళ్లలో కలిపి తెచ్చాడు. ఆఖరికి కల్లు. ఇవన్నీ ఆయన త్వరగా పోవాలనే కదా? వీటికి మాత్రం పుణ్యమని పేరు.

మింగలేని మనిషి నోట్లో చెంచాడు కల్లు పోశాడు. బాపుకు పొలమారింది. దగ్గు ఆగలేదు, కళ్లు తేలేశాడు. ఒక పక్కకు తిప్పి, నోరు తుడిచి, ఆ కల్లు గ్లాసు తీసి వాకిట్లోకి విసిరికొట్టాను.

"పానం దేని మీద ఉన్నదని ఎతుకుతున్నవా? సూది మీద ఉన్నది. బాపే నోటితోని చెప్పిండు. గదొక్కటి తప్ప అన్నీ తెస్తున్నవ్!"

"పిచ్చి లేసిందా నీకు?"

"లేసింది. ఇంకోపారి నోట్ల సుక్క పోసినవంటే గడప తొక్కనియ్య."

చిన్నబాపు అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. అన్న మీద ప్రేమ లేనివాడు కాదు, నాకు తెలుసు. అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా బాపు అడిగాడు. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఊపిరి కోసం కొట్లాడి కొట్లాడి పోయాడు.

ఇక మందుల్లేవని డాక్టర్లే తేల్చినవాళ్లు, తెలివిలో ఉండి తామే అడిగితే, ఆ సూది ఇవ్వాలి. చట్టం చేసి ఇవ్వాలి. ఆస్తి కోసం ముసలివాళ్లను చంపేస్తారని భయపెడతారు. భయం నిజమే. పదిమంది డాక్టర్లను పెట్టి విచారించండి, మళ్లీ మళ్లీ విచారించండి. పోయే మనిషిని మాత్రం పక్కన పెట్టి మీలో మీరు మాట్లాడుకోకండి.

దినాలనాడు, చచ్చినవాని కళ్లు చారెడన్నట్టు, అందరూ బాపును పొగిడారు. భోజనాల దగ్గర చిన్నబాపు కళ్లు తుడుచుకుంటూ అన్నాడు.

"మా అన్న దేవుడసొంటోడు. పొయ్యేదాంక ఎవ్వలిని ఏమీ అడుగలే."

నేను పప్పు వడ్డిస్తున్నాను. గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"అడిగిండు," అన్నాను. "మనమే ఇయ్యలే."