తిప్పన్న కరపత్రంలో నేను చెరిపిన గుర్తులు

ఏళ్లుగా గుండె మీద మోస్తున్న ఒక మహాగాథ మీకు చెప్పబోతున్నాను. ఎర్రదుమ్ము, లారీల సైన్యం, నేల కోసం పోరు, నమ్మకద్రోహం, అన్నీ ఉన్నాయి. కాదు లెండి. ఇది కొటేషన్ గుర్తుల గొడవ. బరువు మాత్రం నిజం.

ఇనుప గనుల జోరు రోజుల్లో, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే మా ఊరి కౌల్ బజార్‌లో ఒక డీటీపీ షాపులో పనిచేసేవాణ్ణి. అప్పటి తెలుగు ఫాంట్లకు ఒక జబ్బు. ఇంగ్లీషు ఫాంట్లలో వంపు కొటేషన్ ఉండే చోట వీటిలో ఏదో తెలుగు ఒత్తు కూర్చుని ఉండేది. మనం కొటేషన్ కొడితే సాఫ్ట్‌వేర్ తెలివి చూపించి దాన్ని వంపు గుర్తు చేసేది. కాగితం మీద ఒత్తు పడేది.

కప్పగల్లు రైతు తిప్పన్న కరపత్రం తెచ్చాడు. గనుల లారీల బాటకు పొలాలు ఇవ్వొద్దని ఊరికి విన్నపం. లారీల యజమాని మాట ఒకటి, దాని కింద తన జవాబు ఒకటి, అలా రాసుకున్నాడు. యజమాని మాటలన్నీ కొటేషన్లలో. “బాట పడితే మీ పిల్లలకు పనులొస్తాయి.” దాని కింద: దుమ్ము పడితే పిల్లలకు తిండే ఉండదు.

ప్రూఫులో పిచ్చి ఒత్తులు చూసి, వాటికి సున్నాలు చుట్టి వెళ్లాడు. ప్రతి చోటా ఫాంటు మార్చి గుర్తు పెట్టాలి. ఎవడు చేస్తాడు? చుట్టిన చోటల్లా ఒత్తు చెరిపేసి ఖాళీగా వదిలేశాను. మళ్లీ చూపించకుండా అచ్చుకు పంపాను.

పంచిన మర్నాడే వచ్చాడు.

“ఏందప్పా ఇది? వాని మాటలన్నీ నా నోట్లో పెట్టినావు. కింద నా పేరుండాది. తిప్పన్న పొద్దున లారీల పక్క, మాపుకి మన పక్క అని ఊరంతా నవ్వుతాండారు.”

“సున్నాలు చుట్టింది నువ్వే కదన్నా? ప్రెస్సులో సున్నా అంటే తీసేయమనే.”

పచ్చి అబద్ధం. అతను తల గోక్కున్నాడు.

“హౌదా? మాకేం తెలుసప్పా ఈ ప్రెస్సు పద్ధతులు. సుమ్నే, ఊరికే నీమీద కేకలేసినా. ఏమనుకోవద్దు.”

నాకు టీ తెప్పించాడు. తాగాను. బాగుంది కూడా. 

తర్వాత అతను పిలిచిన మీటింగుకు ఎవరూ రాలేదట. బాట పడింది. నా వల్లేనా? నాకంత సీన్ లేదు. గుర్తులున్నా పడేదేమో. కానీ ఆ ‘ఏమో’ చాటున దాక్కుని ఇన్నేళ్లు నవ్వాను, నలుగురినీ నవ్వించాను, ఊరి ముందు తనను తానే నవ్వులపాలు చేసుకున్నాననుకుంటూ అతను బతుకుతున్నాడని తెలిసి కూడా. ఒక్కసారి కప్పగల్లు వెళ్లి చెప్పలేనా? ఆటోలో పోయేంత దూరం. వెళ్లలేదు.

మీరు క్షమించక్కర్లేదు. మీరు తిప్పన్న కాదు. చెప్పేశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అదీ రోతగానే ఉంది.

ఇంతకీ, ఆ సాఫ్ట్‌వేర్ ప్రిఫరెన్సెస్‌లో ‘టైపోగ్రాఫర్స్ కోట్స్’, అంటే ఆ వంపు గుర్తుల తెలివి, ఎదురుగా ఉన్న ఒక్క టిక్కు తీసేసి కొడితే కొటేషన్లు సరిగ్గానే పడతాయి.