తిరగబడ్డ ముద్రలు

రెండువేల సంవత్సరంలో సైన్స్ పార్కులోని ప్రతి కంపెనీకీ లోకంలో ఉన్న ప్రతి వస్తువునూ ఇంటర్నెట్‌లో పెట్టాలన్న తొందర. మా వంతుకు పురాతన రోమను పైకప్పు పెంకులు వచ్చాయి. పచ్చిమట్టి మీద తయారీదారు ముద్ర కొట్టి కాల్చిన పెంకులవి. ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఫోటోలు పంపింది; ప్రతి ముద్రనూ చదివి, ఏ బట్టీదో తేల్చి, వివరం రాసే పని నాది. బెంగుళూరు పెంకుల మీద కార్ఖానా పేర్లు చదువుతూ పెరిగినవాణ్ణి. ఏడాదిపాటు ఇష్టంగా చేశాను.

"పెంకులు చూసి చూసి గురువుగారికి పెంకితనం పట్టుకుందిరోయ్!" అని మా మేనేజరు నలుగురిలో నవ్వేవాడు. కాకినాడవాడు, నాకన్నా చిన్నవాడు. విశ్వవిద్యాలయంవాళ్ళకు సైటు చూపించే ప్రదర్శనకు వారం ముందు, మంగళవారంనాడు, దాని మొదటి పేజీలో నా పేరు తీసేసి తన పేరు వేసుకున్నాడు.

అడిగితే, "అంతా టీమ్ వర్కే కదండీ గురువుగారూ, పేరుదేముంది?" అన్నాడు.

ఆ రాత్రి డైరీలో ‘మరచిపోను’ అని మాత్రం రాసుకున్నాను.

మరునాడు అతడే పిలిచాడు. "ఇదేమిటండీ, కొన్నిటి మీద అక్షరాలు అద్దంలో చూసినట్టున్నాయి? స్కానింగులో పొరపాటా?"

పొరపాటు కాదు. అచ్చు మీద అక్షరాలను తిన్నగా చెక్కితే మట్టి మీద తిరగబడి పడతాయి. అలా తిరగబడటమే ఆ అచ్చుకు గుర్తు. నా వివరణలో అదంతా ఉంది. తన పేరు వేసుకున్నవాడు చదవలేదు.

"పని మీ పేరు మీద ఉంది. మీ ఇష్టం," అన్నాను.

అక్షరాలు తిన్నగా కనబడేలా ఆ ఫోటోలన్నీ కుడిఎడమలు తిప్పించేశాడు.

ప్రదర్శన నగరం నడిబొడ్డున, రాఫెల్స్ ప్లేస్‌లో జరిగింది. విశ్వవిద్యాలయం తరఫున వచ్చిన పెద్దావిడ ఒక ఫోటో దగ్గర ఆగి, పెంకు పక్కనున్న కొలబద్దను చూపించింది. "ఈ అంకెలెందుకు తిరగబడ్డాయి?"

అతడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"అసలు ఈ ముద్రలు చదివినదెవరు?" అని ఆవిడ అడిగాక లేచాను. ముద్రల సంగతీ, మొదటి పేజీ సంగతీ, ఒక్క మాటా మెత్తబరచకుండా చెప్పాను.

మా డైరెక్టరు అక్కడికక్కడే నా పేరు తిరిగి పెట్టించి, సవరణ నా పర్యవేక్షణలో జరగాలన్నాడు. మర్నాడు మేనేజరును నా పక్కన కూర్చోబెట్టుకుని, అతని చేతే ఫోటోలు వెనక్కి తిప్పించాను.

"మకాన్ టైమైందండీ గురువుగారూ, తినొస్తాను," అన్నాడు మధ్యాహ్నం, భోజనానికి అక్కడి మలయ్ మాటే వాడుతూ.

"ఇవయ్యాక," అన్నాను.

సాయంత్రానికి పూర్తిచేసి చూపించాడు. మళ్ళీ సరిచూడమని రెండుసార్లు వెనక్కిచ్చాను. రెండోసారి అందులో తప్పేమీ లేదు.