కాలు లేపితే గింజ తిరగదు

ఆ రోజుల్లో మా ఉంగుటూరు వైపు వరి కోతలూ మాసూళ్ళూ మొదలయ్యాయంటే రోడ్డు సగం ప్రభుత్వానిది, సగం ధాన్యానిది. బస్సులూ ఆటోలూ ఓ పక్కకి ఒదిగి, పెళ్ళివారికి దారిచ్చినట్టు ధాన్యానికి దారిచ్చి పోయేవి. ఇప్పుడు మిషను కోసింది కోసినట్టే లారీకెక్కిపోతోంది గానీ, అప్పట్లో ప్రతి గింజా ఎండ మొహం చూశాకే మిల్లు మొహం చూసేది. ఆ ఎండ అన్ని గింజలకీ తగలాలంటే ఎవరో ఒకరు చెప్పుల్లేకుండా ధాన్యంలో దిగి, రెండు కాళ్ళూ ఈడ్చుకుంటూ, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చాళ్ళు తీస్తూ నడవాలి. కాసేపు పోయాక మళ్ళీ అడ్డంగా నడవాలి. మా ఇంట్లో ఆ 'ఎవరో ఒకరు' ఎప్పుడూ నేనే. రోడ్డు వారన ప్లాస్టిక్ కుర్చీ వేసుక్కూర్చుని, చేతికర్రతో కోళ్ళనీ మేకల్నీ అదిలిస్తూ, నా కాళ్ళ మీద అజమాయిషీ చేసేది మా మామ్మ. నా పాదం వేలెడు పైకి లేచిందా, "కాలు లేపకే అమ్మడూ! కాలు లేపితే గింజ తిరగదు!" అని కేక పడేది. నా జీవితంలో నేను తీసుకున్న మొట్టమొదటి కోచింగు అదే.

ఆ కాళ్ళతోనే వెళ్ళి వట్లూరు దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్‌లో చేరాను. చేరిన ఏడాదే, హాస్టల్ స్నేహితురాళ్ళు ఎగదోస్తే (నన్ను ఎగదోయడం అప్పట్లో చాలా తేలిక) స్పోర్ట్స్ డేకి పరుగు పందెంలో పేరిచ్చాను. ఈల మోగగానే అందరూ లేళ్ళలా ఎగిరిపోయారు. నేను నేలని దున్నుకుంటూ బయల్దేరాను. నా వెనక లేచిన దుమ్ముకి జనం తుమ్మారు తప్ప నేను ముందుకు పోయిందేమీ లేదు. సాయంత్రానికల్లా నాకు 'రోడ్డు రోలరు' అని నామకరణం జరిగిపోయింది. మెట్ల మీద కూర్చుని ఏడుపు దిగమింగుకుంటుంటే మా ఫిజికల్ డైరెక్టరు గారు వచ్చారు. మెడలో ఈల లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి మాకందరికీ ఆయన ఈల మాస్టారు. "ఏవమ్మా, నీ పాదాలు అసలు నేలని వదలవా?" అన్నారు. వెక్కిరిస్తున్నారేమోనని ఉడుక్కుని, "వదలవండీ. ధాన్యం తొక్కిన కాళ్ళండీ ఇవి!" అన్నాను. ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. నడక పోటీ అని ఒకటుందనీ, అందులో ఏ క్షణాన చూసినా ఒక పాదమైనా నేలమీద ఉండి తీరాలనీ, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదనీ, ఈ రెండు ముక్కలూ పిల్లలకి నేర్పలేక తన తల ప్రాణం తోకకి వస్తోందనీ గబగబా చెప్పేశారు. "నీకు దేవుడే నేర్పి పంపాడమ్మా!" అన్నారు. (దేవుడు కాదు, మామ్మ.)

అంతే, నాకు నడక పిచ్చి పట్టుకుంది. తెల్లవారకుండానే లేచి గ్రౌండులో పడేదాన్ని. నడుము అటూ ఇటూ ఊపుకుంటూ నేను నడుస్తుంటే పాలవాళ్ళు సైకిళ్ళాపి మరీ నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ! ఒళ్ళంతా చెమటై, కాళ్ళు వాటంతటవే సాగిపోతుంటే ఆ సంతోషం ముందు ఎవరి నవ్వూ ఆనేది కాదు. చిక్కల్లా ఆ తర్వాత వచ్చే క్లాసులతోనే. స్ట్రక్చర్స్ సారు బోర్డు మీద దూలం గీసేసరికి నా తల బల్ల మీద వాలేది. పోటీలకని కొన్నాళ్ళూ, ప్రాక్టీసుకని కొన్నాళ్ళూ ఎగ్గొట్టగా ఎగ్గొట్టగా, మూడో ఏడు వచ్చేసరికి అటెండెన్సు పాతాళానికి దిగింది. మా హెచ్‌వోడీ గారు పిలిచి, చాలా మర్యాదగా గడ్డి పెట్టారు. "యూనివర్సిటీ మీట్‌లో మెడల్ తెచ్చావంటే స్పోర్ట్స్ కింద అటెండెన్స్ కలిపిస్తానమ్మా. తేలేదా, ఏడాది పోయినట్టే. అదలా ఉంచు, ఆ రోజే మధ్యాహ్నం రెండింటికి నీ హైడ్రాలిక్స్ ల్యాబు పరీక్ష. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు నీకోసం ఆగరు. అది తప్పినా ఏడాది పోయినట్టే." పొద్దున్న తాడేపల్లిగూడెంలో పోటీ, మధ్యాహ్నం వట్లూరులో పరీక్ష! ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా నాన్న అంతా విని ఒకే ఒక్క మాట అన్నారు. "ఏడాది పోయిందంటే ఆ బూట్లు ఏలూరు కాలవలో పడతాయమ్మాయ్."

ఆయన అన్నారంటే అన్నట్టే. అందుకని పరీక్షల సెలవలకి ఇంటికి వచ్చి, ఒకే దెబ్బకి రెండు పిట్టలు కొడదామని పథకం వేశాను. మాసూళ్ళు ముమ్మరంగా ఉన్నాయి, రోడ్డు మీద మా ధాన్యం ఉంది. పుస్తకం చేత్తో పట్టుకుని ధాన్యంలో దిగి, అటు పోయేటప్పుడు ప్రశ్న, ఇటు వచ్చేటప్పుడు జవాబు. నడక ప్రాక్టీసూ అయ్యేది, ధాన్యమూ తిరిగేది, నీటి ప్రవాహం కొలిచే వెంచురీమీటరూ బుర్రకెక్కేది. కుర్చీలోంచి మామ్మ, "నిన్న ఆ మోటారు సంగతి చక్కగా చెప్పావే, ఇవాళ తడబడుతున్నావేం?" అని నిలదీసేది. ఇంజనీరింగు అంతా ఇలాగే చదివితే ఎంత బాగుండునని మురిసిపోయాను. ఆ పథకంలో ఓ పెద్ద చిల్లు ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

పోటీ రోజు రానే వచ్చింది. నాన్న తాడేపల్లిగూడెం మిల్లులో ధాన్యం తేమ చూపించుకోవడానికి తువ్వాల్లో గింజలు మూటకట్టుకుని, నన్ను మోటారుసైకిలు మీద ఎక్కించుకుని తీసుకొచ్చారు. "నేను మిల్లు చూసుకుని గేటు దగ్గరుంటాను. నీ నడక ముగియగానే వచ్చి ఎక్కాలి. ఆ మెడల్సూ ఫొటోలూ అంటూ కూర్చోకు," అన్నారు. నా ఆట ఆయన అంతవరకూ ఒక్కసారి కూడా చూడలేదు, చూస్తాననీ అనలేదు. పైగా కొల్లేటి వైపు మబ్బు పడుతోంది. ధాన్యం రోడ్డు మీద ఉన్న మనిషికి ఆకాశం తప్ప ఇంకేం కనిపిస్తుంది?

ఈల మోగింది. అయ్యబాబోయ్, ఆ రోజు నా గుండె కొట్టుకున్న చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది! మొదటి చుట్టులోనే అత్తిలి అమ్మాయి ఒకర్తి రివ్వున ముందుకు పోయింది. జడ నిండా కనకాంబరాలు పెట్టుకుని మరీ వచ్చిందామె. ఇంకో ఇద్దరు ఆమె వెనకాల. నేను నాలుగో దాన్ని. నాలుగో దానికి మెడల్ ఉండదు, మెడల్ లేకపోతే అటెండెన్స్ లేదు, అటెండెన్స్ లేకపోతే బూట్లు కాలవలోకి. ఆ కంగారులో మామ్మ పాఠం మర్చిపోయి కాళ్ళు లేపేశాను. జడ్జీ ఒకాయన ఎర్ర కార్డు రాశారు. మూల బోర్డు మీద నా నంబరుకి ఎదురుగా ఓ ఎర్ర గుర్తు పడింది. ఇంకో చుట్టు తిరిగేలోపు రెండోది పడింది. మూడోది పడిందంటే బయటికి పొమ్మంటారు. ఈల మాస్టారు గీత అవతల నెత్తి పట్టుకుని కూర్చుండిపోయారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగి ముందున్నవాళ్ళు మసకమసగ్గా కనిపిస్తున్నారు. సరిగ్గా అప్పుడు గేటు వైపు నుంచి మైదానం దద్దరిల్లేలా ఓ కేక వచ్చింది. "కాలు లేపకమ్మాయ్! కాలు లేపితే గింజ తిరగదు!"

చూద్దును కదా, నాన్న! తువ్వాలు మూట గాల్లో ఊపుతూ, పంచె పైకి కట్టి, గీత పక్కనే నాతో సమానంగా నడుస్తున్నారు. "ఈడ్చు! నేలకి రాయి! ఎండ పోతోందనుకో!" అని ఒకటే అరుపులు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. కింద ఉన్నది గ్రౌండు కాదు, మా ధాన్యం. అంతే! పాదం నేలకి అంటుకుపోయింది, నడుము దానంతటది తిరిగింది, నోట్లోంచి నా ప్రమేయం లేకుండా బెర్నూలీ సూత్రం వచ్చేస్తోంది. ఒక జడ్జీ గారు నన్ను అనుమానంగా చూసి పక్కాయనతో, "ఆ అమ్మాయి మనల్నేమన్నా తిడుతోందాండీ?" అన్నారట (ఈల మాస్టారు తర్వాత చెప్పారు). ఆఖరి చుట్టులో అత్తిలి అమ్మాయికి మూడో ఎర్ర కార్డు పడింది. పాపం, గాల్లోనే తేలిపోతోందామె. కనకాంబరాలు రాల్చుకుంటూ పక్కకి వెళ్ళి కూలబడిపోతే నాకు ప్రాణం చివుక్కుమంది. అయినా కాళ్ళు ఆపలేదు. గీత దాటాను. మూడో స్థానం! ఈల మాస్టారు ఈల నోట్లో పెట్టుకునే ఏడ్చేశారు, ఆ ఏడుపంతా ఈలగా మోగింది. మెడల్ మెడలో పడీ పడగానే నాన్న మాత్రం, "ఒంటిగంట కావస్తోంది. ఎక్కు," అన్నారు. గొంతు బొంగురుపోయి ఆ రెండు మాటలూ సరిగ్గా పలకలేదు.

ఆ తర్వాత హైవే మీద మా ప్రయాణం చెప్పుకుంటే అదో కథ. మా ఊరు వచ్చేసరికి చినుకు మొదలైంది. రోడ్డు పక్కన మామ్మ నలుగుర్ని పోగేసి ధాన్యం కుప్ప చేయించి బరకాలు కప్పిస్తోంది. నాన్న బండి ఆపుతారనుకున్నాను. ఆపలేదు! "రాళ్ళు పెట్టవే అమ్మా, ఎగిరిపోతాయి!" అని అరుచుకుంటూ పోనిచ్చారు. మామ్మ వెనకనుంచి, "నెగ్గిందా?" అని కేకేసింది. నేను మెడల్ ఎత్తి చూపించాను. "సరే, అయితే తర్వాత తడిసిన బియ్యం తిను!" అన్న మాట గాలిలో వినబడింది. భీమడోలు దాటాం, దెందులూరు దాటాం, ఏలూరులో గేటు పడితే నాన్న గేటుమనిషిని చుట్టరికం కలిపి బతిమాలారు (ఫలితం లేదు, రైలుకి చుట్టాలుండరు). వట్లూరులో బండి దిగి ల్యాబు తలుపు తోసేసరికి సరిగ్గా నా నంబరు పిలుస్తున్నారు.

ఎదురుగా ఎగ్జామినరు గారు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్ళజోడు. పక్కన మా హెచ్‌వోడీ గారు నా బురద బూట్లవైపే చూస్తున్నారు. కుర్చీ చూపించి, "సెంట్రిఫ్యూగల్ పంపుకి ప్రైమింగు ఎందుకమ్మా?" అని అడిగారు ఎగ్జామినరు గారు. మామ్మకి కూడా వచ్చిన జవాబది! నోరు తెరిచాను. ఏమీ లేదు. బుర్ర ఊడ్చిన కల్లంలా ఉంది. "పోనీ, వెంచురీమీటరు సూత్రం?" ఊహూఁ. అప్పుడర్థమైంది పథకంలో ఉన్న చిల్లు. నేను చదివిందంతా నడుస్తూ చదివాను. కూర్చుంటే ఒక్క ముక్క రాదు! పొద్దుటి నుంచీ పడ్డ పాటంతా ఓ కుర్చీలో మునిగిపోతోందే! ఆయన పెన్ను మూత తీశారు. ఎక్కడినుంచి వచ్చిందో తెగింపు, లేచి నిలబడి, "సార్, కాస్త నడవొచ్చాండీ?" అన్నాను.

"ఎక్కడికమ్మా?"

"ఇక్కడేనండీ. ఈ పంపు దగ్గర్నుంచి ఆ ట్యాంకు దాకా అండీ."

హెచ్‌వోడీ గారు కళ్ళు మూసుకున్నారు. ఎగ్జామినరు గారు మాత్రం కుతూహలంగా చెయ్యి ఊపారు. నడిచాను. పోటీతో బిగుసుకుపోయిన కాళ్ళు అసలు లేస్తేగా, సిమెంటు గచ్చు మీద సర్రుసర్రున ఈడ్చుకుంటూ పోయాను. ట్యాంకు చేరేసరికి వచ్చేసింది! "పంపులో గాలి ఉంటే దాన్ని ఎంత తిప్పినా నీళ్ళు లాగేంత ఒత్తిడి పుట్టదండీ, అందుకని ముందు నీళ్ళతో నింపాలండీ!" వెనక్కి తిరిగాను. వెంచురీమీటరు వచ్చేసింది. అటు ప్రశ్న, ఇటు జవాబు. ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను చాళ్ళు తీస్తూనే ఉన్నాను. చివరికి ఆయన పెన్ను కింద పెట్టి, కళ్ళజోడు తీసి, నా కాళ్ళవైపు చూసి, మెల్లగా అడిగారు. "ధాన్యం ఆరిందామ్మా?"

"కుప్ప చేశామండీ. చినుకు పడిందండీ," అన్నాను. అన్నాక గాని ఆయనేం అడిగారో నాకు తలకెక్కలేదు. "మా అమ్మ ఇలాగే నడిచేది," అని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ల్యాబు పాసయ్యాను. అటెండెన్సు కలిసింది. బూట్లు కాలవలో పడలేదు. మా ధాన్యం ఓ మూల కొంత తడిసింది, ఆ ఏడంతా మామ్మ నాకు అన్నం వడ్డించినప్పుడల్లా "ఇది నీ మెడలే, తిను," అంటూనే ఉంది.

ఇప్పుడు ఏలూరులో మంచినీళ్ళ పైపులు చూసే ఆఫీసులో ఇంజనీరుని. ఆఫీసులో పొద్దస్తమానూ కుర్చీలోనే. చేతికి కట్టుకున్న వాచీ, లేచి నడవమ్మా అని రోజూ నన్ను బతిమాలుతుంటుంది. ఈ మధ్య మా వారితో కారులో గూడెం వెళ్తుంటే సర్వీసు రోడ్డు మీద ధాన్యం పరిచి కనిపించింది, ఈ రోజుల్లో అది అరుదే. ఆపమన్నాను. చెప్పులు వదిలి దిగిపోయాను. వెచ్చటి గింజలు వేళ్ళ సందుల్లోకి జారగానే, మా నాన్న కేకా, అత్తిలి అమ్మాయి కనకాంబరాలూ, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. "ఏవమ్మోయ్, ఎవరు నువ్వు?" అంది అవతల కుర్చీలోంచి ఓ ముసలావిడ. "ఊరికేనండీ, సరదాకండీ," అన్నాను సిగ్గుపడుతూ. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "దిగావుగా, ఎలాగూ! ఆ చివరంటా తిప్పేసి వెళ్ళు," అంది. కారులోంచి మా వారు పగలబడి నవ్వుతున్నారు. నేను చాలా ఠీవిగా, ఒకప్పటి మెడలిస్టునన్న ధీమాతో బయల్దేరాను. పది అడుగులు వేశానో లేదో, వెనకనుంచి కర్ర నేలకేసి కొట్టిన చప్పుడు. "కాలు లేస్తోందమ్మా, కాలు లేస్తోంది! గింజ ఎలా తిరుగుతుందీ?"

ఇన్నేళ్ళకి నాకు మూడో ఎర్ర కార్డు పడింది.