ఉన్నాయి గానీ బతికి లేవు

1968లో నన్ను పాతపట్నం దగ్గరి ఒక కుష్ఠు నివారణ కేంద్రానికి లేబరేటరీ టెక్నీషియన్‌గా వేశారు. పైన ఒక మెడికల్ ఆఫీసరు, కింద ఒక అటెండరు, మధ్యలో నేనూ నా మైక్రోస్కోపూ.

మా పని ఇది. రోగి చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, లోపలి రసాన్ని గాజు పలక మీద పూస్తాం. దీన్నే స్మియర్ అంటాం. దాని మీద ఎర్ర రంగు పోసి, వేడిచేసి, ఆమ్లంతో కడుగుతాం. మిగతావన్నీ రంగు వదిలేస్తాయి. కుష్ఠు బాక్టీరియాకి మైనం లాంటి పొర ఉంటుంది కనుక అది మాత్రం మొండిగా పట్టుకుంటుంది. బతికున్నవి నిండుగా ఎర్రబడిన పుల్లల్లా, పొగాకు చుట్టల కట్టలా కనిపిస్తాయి. చచ్చినవి తునకలు తునకలుగా ఉంటాయి. ఈ జీవిని గాజుపాత్రలో పెంచడం ఎవరివల్లా కాలేదు. అందుకని చావూ బతుకూ ఆకారం చూసే తేల్చుకోవాలి.

సింహాచలం అనే రోగి, ఆ ఊరి కిరాణా కొట్టాయన తమ్ముడు. కుష్ఠుకిచ్చే డాప్సోన్ మాత్రలు ఏళ్ల తరబడి మానకుండా మింగాడు. ఈసారి అతని స్మియర్‌లో ఎంత వెతికినా నిండు పుల్ల ఒక్కటి లేదు, అన్నీ తునకలే. అంతకుముందు తీసినదీ అంతే. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇక ఇతని నుంచి ఎవరికీ అంటదని మెడికల్ ఆఫీసరు కూడా చూసి చెప్పారు.

అన్న అప్పారావు అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తమ్ముడు మళ్లీ కొట్లో తక్కెడ పట్టాలా వద్దా అన్నది మా మాట మీదే ఉంది.

"పురుగు ఉన్నాదా, లేదా? ఒక్క మాట సెప్పండి బాబూ."

"ఉన్నాయి గానీ చచ్చినవి," అన్నాను.

"సచ్చినా ఉన్నట్టే గదండి. బేరానికొచ్చినోళ్లకి ఏటి సెప్పమంతారు?"

లేవని చెప్పేయమని బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. లేవంటే మాత్రలు మానేస్తారు, ఎక్కడో దాక్కున్న ఒకటీ అరా మళ్లీ పెరుగుతాయి. చచ్చినవాటిని వదిలించుకోవడానికి ఒంటికి ఏళ్లు పడుతుందని చెప్పి, మైక్రోస్కోపులో ముందు ఒక కొత్త రోగి స్మియర్, తర్వాత సింహాచలానిది చూపించాను.

అప్పారావు చాలాసేపు చూశాడు. "మొదటిది గింజండి. ఇది నూక," అన్నాడు. బియ్యం బేరం చేసేవాడికి నూక మొలవదని నేను చెప్పక్కర్లేదు.

తర్వాత సింహాచలం వంగి చూశాడు. మైక్రోస్కోపు మీంచి కన్ను తీయకుండానే అడిగాడు. "సచ్చిపోనాయి గదా అన్నియ్యా. మరి నాకింకా కంచం పెరట్లోనే ఎందుకెడతన్నారు?"

అప్పారావు మొహం పాలిపోయింది. "అమ్మ కూడా సూడాల," అన్నాడు.

మర్నాడు తల్లిని తీసుకొచ్చాడు. ఆవిడ రెండు స్మియర్లూ చూసింది. "ఈ సచ్చినోటికా బయపడి, ఆడినింకా పెరట్లో కూకోబెట్టినాను," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రిపోర్టు రోగి చేతికిస్తే పని సగమే అయినట్టని నాకు అప్పుడు తెలిసింది. ఇంట్లో అన్నం వడ్డించే మనిషికి కూడా స్మియర్ చూపించాలి. రిటైరయ్యేదాకా అలాగే చేశాను.