కొత్త బ్యాటరీ, పాత వైర్లు

నేను నాలుగో తరగతి చదువుతున్న చిన్నతనంలో మా నాయిన ఒక క్వారీ యజమానికి జీపు నడిపేవాడు. జఫర్‌గఢ్ అవతల, బండల మీదుగా, వాగు ఇసుకలోంచి కూలీలను క్వారీకి చేరవేయడం ఆయన పని. జీపు పాతది. తాళం తిప్పితే ఒక్కోరోజు మూలిగేది, ఒక్కోరోజు అసలు పలికేదే కాదు. కూలీలు దిగి తోసేవాళ్లు. బ్యాటరీ ఒక్కటే మారిస్తే చాలదని, దాని నుంచి ఇంజనుకు పోయే లావు వైర్లు కూడా మార్చాలని నాయిన మూడుసార్లు చెప్పాడు. యజమాని బ్యాటరీ మాత్రం తెచ్చిచ్చాడు. నడిచినన్ని రోజులు ఆ వైర్లతోనే నడవనిమ్మన్నాడు.

నెల తిరగకముందే ఒక పొద్దున జీపు మా వాకిట్లో మొరాయించింది. కూలీలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. నాయిన తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు వచ్చింది, అంతే. సరిగ్గా అప్పుడే యజమాని మోటార్ సైకిల్ మీద వచ్చాడు. సంగతి పూర్తిగా వినకుండానే అందరి ముందూ నాయిన మీద విరుచుకుపడ్డాడు.

"నేను తెచ్చిన కొత్త బ్యాటరీ అమ్ముకొని పాతది పెట్టినవ్. దొంగతనం ఎప్పటిసంది మొదలుపెట్టినవ్ రా?"

సాయంత్రంలోగా కొత్తది తెచ్చి పెట్టకపోతే ఠాణాలో అప్పజెప్తానన్నాడు. నాయిన నోరు విప్పలేదు. దవడలు బిగుసుకోవడం మాత్రం కనిపించింది. మా అమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. రోజూ మా ఇంట్లో మంచినీళ్లు తాగి జీపెక్కే కూలీల్లో ఒక్కరు కూడా అది నిజం కాదనలేదు. నాకు యజమాని మీద ఎంత కోపం వచ్చిందో వాళ్ల మీద అంతకు రెట్టింపు వచ్చింది. ఏమీ అనకుండా నిలబడ్డ నాయిన మీద అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. పిడికెడంత రాయి తీసుకొని జీపు లైటు పగలగొట్టడానికి ఉరికాను.

వెనక నుంచి నా చేయి పట్టుకున్నది పక్కింటి చాచా. రోడ్డు పక్క షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరిని గట్టిగా తిడుతూ ఉండేవాడు. ఆ పొద్దున మాత్రం గొంతు పెంచలేదు.

"లైటు పగిలితే మాట మళ్ల మీ నాయిన మీదికే వస్తది. జర ఆగు బిడ్డా," అన్నాడు. తర్వాత యజమాని వైపు తిరిగి, "బ్యాటరీ పాతదో కొత్తదో ఈడనే చూద్దాం సేటు. ఎవ్వరు పోకుండ్రి," అన్నాడు.

జీపు బానెట్ ఎత్తి ముందు ఎర్త్ వైరు విప్పాడు, తర్వాత రెండోది. బ్యాటరీని పొట్టకు ఆనించుకొని షెడ్డుకు మోసుకుపోయాడు. అందరూ వెంట నడిచారు. అక్కడ రిపేరు పూర్తయిన ట్రాక్టరు ఒకటి ఉంది. దాని బ్యాటరీ తీసి, దీన్ని పెట్టి, గుడ్డతో తుడిచి, ఒక్కో బోల్టు బిగించాడు. యజమాని తొందరపెట్టినా తల ఎత్తలేదు. ఒకసారి పానా కింద పెట్టి, గట్టిగా ఊపిరి తీసుకొని, మళ్లీ అందుకున్నాడు. ఆయనకూ కోపం వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది.

తాళం తిప్పగానే ట్రాక్టరు మొదటిసారికే అందుకుంది. కాసేపు దాన్ని అలాగే మోగనిచ్చాడు.

తర్వాత జీపు దగ్గరికొచ్చి ఆ పాత వైర్లు ఊడదీసి, కత్తితో రబ్బరును నిలువునా చీల్చాడు. లోపల రాగి తీగలన్నీ చిలుము తినేసినట్టు ఉన్నాయి. పచ్చటి పొడి రాలింది. చాచా ఆ పొడిని యజమాని అరచేతిలో పోశాడు.

"గిది ఎవలు అమ్ముకున్నరు సేటు?"

చాచా షెడ్డులోంచి కొత్త వైర్లు తెచ్చి బిగించి, బ్యాటరీని తిరిగి జీపులో పెట్టాడు. నాయిన తాళం తిప్పితే జీపు ఒక్క ఊపులో లేచింది. యజమాని అరచేయి పంచెకు తుడుచుకొని, "సరే సరే, టైమైతుంది, బండి తియ్యి," అన్నాడు.

నాయిన ఇంజను ఆపేశాడు. దిగి, తాళం తెచ్చి బానెట్ మీద పెట్టాడు. ఆ పొద్దున ఆయన మొదటిసారి నోరు విప్పింది అప్పుడే.

"దొంగ అని వీళ్లందరి ముందట అన్నరు. కాదని కూడ వీళ్ల ముందటనే అనుండ్రి. అప్పుడు తీస్త."

యజమాని అనలేదు. ఇంకొకరిని పిలిచి జీపు తీయించుకుపోయాడు. నాయిన మళ్లీ ఆ పనికి పోలేదు. ఆ ఏడాదంతా అమ్మ పత్తి ఏరడానికి, నాట్లకు పోతే మా పొయ్యి వెలిగింది. ఆ యజమాని చనిపోయి చాలా ఏళ్లయింది. అతని మీద నా కోపం ఇప్పటికీ పోలేదు, పోవాలని నేను కోరుకోనూ లేదు.

పెద్దయ్యాక నేను పాలకుర్తి దగ్గర ఒక బడిలో పెద్ద పంతులమ్మగా ఉన్నప్పుడు, ఒక రోజు ఆఫీసు గదిలోని మైకు కనబడలేదు. బడి ఊడ్చే ఆయమ్మను, నువ్వే తీశావని ప్రార్థన వేళ పిల్లలందరి ముందే నిలదీశాను. మర్నాడు అది నా బీరువాలోనే దొరికింది. ముందు ఆమెను గదిలోకి పిలిచి మెల్లగా చెబుదామనుకున్నాను. బంట్రోతును పంపబోయి, ఆగిపోయాను. నాయిన మాట గుర్తొచ్చింది. ప్రార్థన వేళ అదే చోట నిలబడి, ఆమె తీయలేదని, అందరి ముందు అలా అనడం నా తప్పని చెప్పాను. ఆయమ్మ ముఖంలో కోపం తగ్గలేదు. తగ్గించుకొమ్మని నేనూ అడగలేదు.