నిద్రపోయే మనిషికి తెలియని జబ్బు

క్రిందటి నెలలో ఒక సాయంత్రం, ఇందిరాపురంలో మేముంటున్న అపార్టుమెంటు లిఫ్టులో, ఐదో అంతస్తులో ఉండే తెలుగు దంపతులు కలిశారు. ఇద్దరూ నోయిడాలో సాఫ్టువేరు ఉద్యోగులు. నిద్రలో ఆక్సిజన్ పడిపోతున్నదని ఆ అబ్బాయి చేతి గడియారం చూపించిందట. మర్నాడే డాక్టరుతో మాట్లాడారట, ఆ వారంలోనే ఎవరో ఇంటికి వచ్చి పరీక్షకు తీగలు తగిలించి వెళ్ళారట, స్లీప్ ఆప్నియా అని తేలిందట, దానికి పెట్టుకోవలసిన యంత్రం కూడా ఇంటికి వచ్చేసిందట. "ఏం లేదాంటీ, సింపుల్ ప్రాబ్లమ్" అని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పి తమ అంతస్తులో దిగిపోయింది. సంతోషించవలసిన విషయం, సంతోషించాను కూడా. కానీ ఇంటి తాళం తీస్తుండగా నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ పిల్లల మీద కాదు. ఆ సింపుల్ ప్రాబ్లమ్‌ను నా నోటితో చెప్పి ఎవరినీ నమ్మించలేకపోయిన సంవత్సరాల మీద. పక్కనున్న మనిషి ఊపిరి వింటూ కాలం గడిపిన నా ఈడు ఇల్లాళ్ళకు ఈ కోపం అర్థమవుతుందనే నమ్మకంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అవి రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ళు. మా పుట్టింట్లో, అమ్మ వైపున గానీ నాన్న వైపున గానీ, డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పోటీ పరీక్ష రాసి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంటుగా చేరాను. మా వారు మరో మంత్రిత్వ శాఖలో పనిచేసేవారు. సరోజినీ నగర్‌లో రెండు గదుల క్వార్టరు, స్కూలుకు వెళ్ళే ఒక్కగానొక్క అమ్మాయి, ఎవరికీ తలవంచనక్కరలేని జీతాలు. మాకు లోటేముందని మా వాళ్ళందరూ అనుకునేవారు, మేమూ అలాగే అనుకునేవాళ్ళం.

ఢిల్లీ వేసవి ఎరిగినవారికి కిటికీకి బిగించిన కూలరు హోరు ఎటువంటిదో చెప్పనక్కరలేదు. పక్కింట్లో పెళ్ళిబాజా మోగినా ఆ హోరులో వినిపించదు. దీపావళి వెళ్ళి, కూలరు ఆపేసి, రజాయిలు ఎండకు వేసి లోపలికి తెచ్చుకున్నాకనే మా వారి గురక పూర్తిగా నా చెవిన పడేది. గురక నన్ను బాధించలేదు. అది ఉన్నట్టుండి ఆగిపోవడం బాధించింది. ఛాతీ ఎగసిపడుతూనే ఉండేది, గాలి మాత్రం లోపలికి పోయేది కాదు. నేను కంగారుగా భుజం పట్టి కుదపబోయేలోగా, నీట మునిగినవాడు పైకి తేలినట్లు ఒక్కసారిగా ఎగశ్వాస తీసి, మళ్ళీ గురక అందుకునేవారు. ఇదంతా తనకు జరిగినట్లే ఆయనకు తెలియదు. తెల్లవారి నేను చెబితే, "నీకేదో కల వచ్చి ఉంటుందిలే" అని పేపరు తెరిచేవారు.

ఆ పేపరు కూడా సగం చదివేవారు కాదు. లేస్తూనే తలనొప్పి, దాని వెంట చిరాకు, ఏది ఎక్కడ పెట్టారో మరుపు. టీవీలో వార్తలు మొదలయిన కాసేపటికే తల వాలిపోయేది. అమ్మాయి స్కూల్లో జరిగిన సంగతేదో చేతులు తిప్పుతూ చెబుతూ చెబుతూ, నాన్న కళ్ళు మూతపడటం చూసి, మాట మధ్యలో మింగేసి లేచి వెళ్ళిపోయేది. బాగా నిద్రపోయే మనిషికి పగలు నిద్ర ఎందుకు వస్తుందని నేను అడిగితే, ఆఫీసులో పని ఎక్కువని ఒక జవాబు సిద్ధంగా ఉండేది.

పిల్లను రోజూ స్కూటరు మీద ఆయనే బడిలో దింపేవారు. ఒక రోజు అది ఇంటికి వచ్చి, బ్యాగు దించకుండానే, "మమ్మీ, పాపా సిగ్నల్ పర్ సో గయే! పీఛే వాలే అంకుల్ నే హార్న్ మారా" అంది, సిగ్నలు దగ్గర నాన్న నిద్రపోవడం, వెనకాయన హారన్ కొట్టడం అదేదో తమాషా అయినట్లు. సాయంత్రం అడిగితే మా వారు, "కళ్ళు మూస్తే నిద్రపోయినట్టేనా? ఎండ పడుతోంది, మూశాను" అన్నారు. మర్నాటి నుంచి పిల్లను బస్సులో నేనే తీసుకువెళ్ళాను. ఆయన ఆఫీసుకు స్కూటరు మీద వెళ్ళడం మాత్రం ఆపలేకపోయాను. ఆయన ఇంటికి చేరి స్కూటరు స్టాండు వేసిన చప్పుడు వినేదాకా నాకు ఏ పని మీదా మనసు నిలిచేది కాదు.

చదువుకున్నదాన్ని కనుక చేయవలసినది పద్ధతిగానే చేశాను. ఆయనకు రక్తపోటు అప్పటికే ఎక్కువగా ఉండి, మాత్రల సంఖ్య పెరుగుతున్నదే తప్ప పోటు దిగడం లేదు. ఆ మాత్రల కోసం ఇద్దరం ప్రభుత్వ డిస్పెన్సరీకి వెళ్ళిన ఒక రోజు, ఆటోలో కూర్చుని, చెప్పవలసినదంతా ఇంగ్లీషులో వాక్యాలుగా కూర్చుకుని, పాఠం అప్పజెప్పినట్లు డాక్టరుకు చెప్పాను. ఆయన నన్ను వదిలి మా వారి వైపు తిరిగి, "నీంద్ ఠీక్ ఆతీ హై?" అని నిద్ర సంగతి అడిగారు. "ఫస్ట్ క్లాస్ సార్! పడుకుంటే చాలు" అన్నారు మా వారు. ఇద్దరూ నవ్వుకున్నారు. తరువాత డాక్టరు నాతో, "మేడమ్, హస్బెండ్ తో సో రహే హై, ఆప్ క్యోం జాగ్ రహీ హై? టెన్షన్ మత్ లీజియే" అని, మొగుడు హాయిగా నిద్రపోతుంటే నేనెందుకు మేలుకుంటున్నానన్నట్లు చెప్పి, నా పేరు మీద నిద్రమాత్రలు రాసి ఇచ్చారు. ఆయన జబ్బు చూపించడానికి వెళ్ళి, నా జబ్బుకు మందు తీసుకుని బయటికి వచ్చాను. పెద్ద డాక్టరుతో వాదించే చొరవ మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. ఆ మాత్రలు నేను వేసుకోలేదు. వేసుకుంటే ఆయన ఊపిరి ఎవరు వినాలి?

మరుసటి శీతాకాలం మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆవిడైనా పెద్దరికంతో చెబుతారని ఆశపడి నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆవిడ బుగ్గన వేలు పెట్టుకుని, "ఓసి పిచ్చిదానా! మగాడన్నాక ఆ మాత్రం గురక పెట్టకపోతే ఇంట్లో మనిషున్నాడని దొంగలకెట్టా తెలుస్తది? మా నాయన గురక తీస్తే కొట్టంలో గేదెలు లేచి నిలబడేయి" అన్నారు. గురక ఒంటికి పట్టిన తిండికీ, నిశ్చింతగల మనసుకూ గుర్తని మా వైపు ఇళ్ళల్లో ఒక నమ్మకం. ఆ లెక్కన నేను మొగుడి నిద్రకు దిష్టి పెడుతున్న పెళ్ళాన్ని. ఆవిడ మర్నాడు నిజంగానే కొడుక్కి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆ ఊళ్ళో జనవరి ఎండ కోసం అందరూ చేసేట్లే, క్వార్టర్ల ముందు పచ్చికలో చాప పరుచుకున్నాం. పక్క క్వార్టరు పంజాబీ ఆంటీ స్వెట్టరు అల్లుతున్నది, మా అత్తగారు వేరుశనగకాయలు ఒలుస్తున్నారు, వారిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాకపోయినా చేతులతో కబుర్లు సాగుతున్నాయి. మా వారు వెల్లకిలా పడుకుని అప్పుడే గురక మొదలుపెట్టారు. ఆంటీ సూదులు ఆపకుండానే, "వాహ్ భాయీసాబ్, ట్రాక్టర్ చాలూ హో గయా" అంది. మా అత్తగారు అర్థం కాకపోయినా గర్వంగా నవ్వారు. ఇంతలో గురక ఆగింది. నాకది అలవాటైన నిశ్శబ్దమే. కానీ పట్టపగలు, ఎండలో, ఆయన పెదవుల రంగు మారడం నేనూ అంతకు ముందు చూడలేదు. ఆంటీ సూదులు ఆగిపోయాయి. "అరే, సాన్స్ నహీ లే రహే!" అని ఆవిడ అరిచేసరికి మా అత్తగారు ఒళ్ళో కాయలన్నీ పారబోసుకుంటూ కొడుకు మీదికి వంగి, "ఒరేయ్ నాయనా, ఊపిరి తియ్యరా!" అని రెండు చేతులా ఛాతీ మీద కొట్టారు. ఆయన ఎగశ్వాసతో లేచి కూర్చుని, చుట్టూ మూగిన జనాన్ని చూసి, "ఏమైంది? ఎందుకలా చూస్తున్నారు?" అన్నారు. మా అత్తగారు నా వైపు తిరిగి, "రోజూ ఇట్టానేనా?" అని అడిగారు. నేను తలూపాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు రావలసిన ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ నేను చెప్పిందేమిటన్న ఉక్రోషమే వచ్చింది.

తల్లి పట్టుపట్టబట్టి ఆయన నిద్ర జబ్బులు చూసే ఒక పెద్ద ఆసుపత్రికి కదిలారు. అక్కడి డాక్టరమ్మ, ఆయన నోరు తెరవబోతుంటే వారించి, "నిద్రపోయే మనిషికి ఏం తెలుస్తుంది? మేడమ్, ఆప్ బతాయియే" అని నన్ను చెప్పమన్నది. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఎంత కాలంగా ఎదురు చూశానో! తీరా అడిగేసరికి, కూర్చుకున్న ఇంగ్లీషూ రాలేదు, ఆఫీసులో దినమంతా మాట్లాడే హిందీ కూడా రాలేదు. తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ మా వారి వంక చూసింది. విధిలేక నా మాటలను ఆయనే హిందీలోకి మార్చి చెప్పవలసి వచ్చింది. నేను "ఆయన ఊపిరి ఆగిపోతుంది" అంటే, ఆయన "మేరీ సాన్స్ రుక్ జాతీ హై" అన్నారు. "పెదవులు నల్లబడ్డాయి" అంటే, అదీ చెప్పారు. "పోయారేమోననుకుంటాను" అన్నప్పుడు మాత్రం ఆయన ఆ వాక్యాన్ని పూర్తి చేయలేకపోయారు.

ఒంటి నిండా తీగలు అంటించి పడుకోబెట్టి పరీక్ష చేశారు. పడుకోగానే గొంతు వెనుక కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతున్నదనీ, ఊపిరి అందనప్పుడల్లా మెదడు తట్టి లేపుతున్నందువల్ల నిద్ర పేరుకే తప్ప విశ్రాంతి లేదనీ, తలనొప్పీ మరుపూ సిగ్నలు దగ్గర కునుకూ మాటవినని రక్తపోటూ అన్నీ ఈ చెట్టు కాయలేననీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. బరువు తగ్గాలి, పక్కకు తిరిగి పడుకోవాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ముక్కుకు మాస్కు పెట్టి గాలిని ఒత్తిడితో పంపే యంత్రం రోజూ వాడాలి. గుండెను చూసిన మరొక డాక్టరు, గుండె గోడ మందమైందని చెప్పి, "ఇత్‌నే సాల్ క్యా కర్ రహే థే ఆప్ లోగ్?" అని, ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నారని మందలించాడు. దానికి నా జవాబు ఒకటే: చెప్పుకుంటే వినేవాళ్ళే లేకపోయారు.

యంత్రం వచ్చాక మరో చిక్కు వచ్చింది. మా వారికి గుబురైన మీసం. పై పెదవి మీద మాస్కు సరిగ్గా ఆనక గాలి బుస్సుమని పక్క నుంచి కారిపోయేది. మీసం తీయమని మాస్కు అమర్చే ఆయన సూచిస్తే, మా వారు తండ్రి బతికుండగా మీసం తీసే వంశం కాదు తమది అని భీష్మించుకున్నారు. యంత్రం అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది. నేను బతిమాలాను, కోప్పడ్డాను, మాట్లాడటం మానేశాను. చివరకు మా అత్తగారే, "మీ నాయనకు నేను చెప్పుకుంటాలే. మీసం మళ్ళీ మొలుస్తది గానీ ఊపిరి మొలవదురా" అని, అద్దమూ రేజరూ తెచ్చి ముందు పెట్టి కూర్చున్నారు. కొత్త ముఖంతో బయటికి వచ్చిన తండ్రిని చూసి పిల్ల పడి పడి నవ్వింది. కొన్నాళ్ళకు మాస్కు కుదురుకుంది. ఒక ఉదయం ఆయన కాఫీ తాగుతూ, "ఇవాళ డికాక్షన్ ఏమైనా మార్చావా? తల తేలిగ్గా ఉంది" అన్నారు. మార్చింది డికాక్షన్ కాదని చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది.

ఆ దశాబ్దం సగం దాటాక ఇందిరాపురంలో ఈ ఫ్లాటు కొనుక్కుని వచ్చాము. కరెంటు పోతే యంత్రం ఆగిపోయేది. ఇన్వర్టరు పెట్టించి, దానిని యంత్రానికే కేటాయించి, జూన్ నెల ఉక్కలో నేనూ అమ్మాయీ విసనకర్రలతో పడుకున్నాం. కరోల్ బాగ్‌లో కోచింగుకని ఊరి నుంచి వచ్చి మా ఇంట దిగిన చుట్టాల కుర్రాళ్ళు, "బాబాయ్, ఏ దేశం మీదికి బాంబులెయ్యడానికి?" అని, మాస్కు యుద్ధవిమానం పైలటుది లాగుందని నవ్వితే, మా వారు సిగ్గుపడి, చుట్టాలున్న రోజుల్లో దాన్ని బీరువాలో దాచేసేవారు. మళ్ళీ తలనొప్పి, మళ్ళీ నా పోరు. అది పూర్తిగా అలవాటై, రక్తపోటు మాత్రలు తగ్గి, సాయంకాలాలు ఆయన హాయిగా మెలకువగా కూర్చోగలిగేసరికి అమ్మాయి పన్నెండో తరగతికి వచ్చింది.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఇదే. మా వారి ప్రాణం దక్కింది, అందుకు రోజూ దండం పెట్టుకుంటాను. ఆయన అసలు మందకొడి మనిషి కాదనీ, చిరాకు ఆయన స్వభావమే కాదనీ, ఎంత సరసంగా కబుర్లు చెప్పగలరో నాకు పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు తెలిసింది. పుస్తకాల ముందు కూర్చుని తలుపు వేసుకున్న కూతురి గది బయట, చెప్పాలనుకున్న కథలు పట్టుకుని ఆయన నిలబడటం చూసేదాన్ని. ఆమె విసుక్కునేది కాదు, మర్యాదగా, "పాపా, బాద్ మే" అని తరువాతకు వాయిదా వేసేది. ఇప్పుడు ఆమె గుర్‌గావ్‌లో తన సంసారం తను చూసుకుంటున్నది. నీ చిన్నప్పుడు మీ నాన్న ఎలా ఉండేవారని అల్లుడు అడిగితే, నవ్వుతూ, ఏ ఆరోపణా లేకుండా, "పాపా? పాపా తో సోతే రహతే థే" అన్నది, నాన్న ఎప్పుడూ నిద్రపోతూనే ఉండేవారని. ఆ మాటకు ఆయన కూడా నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఈనాటి పిల్లలకు జబ్బు పేరు వారం తిరగకుండా తెలుస్తున్నది, మంచిదే, తెలియాలి. మాకు ఆ పేరు తెలిసేసరికి ఒక బాల్యం ఖర్చయిపోయింది. మా వారు ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక కూడా చాలాసేపు మెలకువగా ఉంటారు. చేతులు తిప్పుతూ బడి సంగతులు చెప్పే పిల్ల మాత్రం ఏనాడో మాట మధ్యలో మింగేసి లేచి వెళ్ళిపోయింది.